ఉద్యోగము ముగిసిన తరువాత మన పని ఏమి?

పాఠ్యభాగములు: సంఖ్యాకాండము 8:23–26, 2 సమూయేలు 19:31–39, ఆదికాండము 47:7–10, 48వ అధ్యాయము



బర్గూరు, కృష్ణగిరి, హోసూరు ప్రాంతములలో స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో ఇప్పుడు ఒక క్రొత్త పరిస్థితి కనబడుచున్నది. 1980వ దశకములో హోసూరు పారిశ్రామికవాడలో టి.వి.ఎస్., అశోక్ లేలాండ్, టైటాన్ వంటి కర్మాగారములు పెరిగినప్పుడు ఇరవై, ఇరవై రెండేళ్ళ ప్రాయములో పనికి కుదిరిన వారు నేడు అరవైకి అటు ఇటుగా ఉన్నారు. వారితోపాటు పాఠశాలలలో, ఆసుపత్రులలో, బ్యాంకులలో, రైల్వేలో పనిచేసిన వారును, బర్గూరు బజారులో బట్టల దుకాణము నడిపి కుమారులకు అప్పగించిన వారును ఉన్నారు. ఒక తరము మొత్తము కొద్ది సంవత్సరముల వ్యవధిలోనే పని దిగి ఇంటికి వచ్చినది.

వీరి తండ్రులకు ఈ చిక్కు లేదు. సేద్యము చేసుకొనేవానికి విరమణ తేదీ ఉండదు. చేతనైనంత కాలము నాగలి పట్టినాడు. చేతకానినాడు కళ్ళము దగ్గర కూర్చుండి పిట్టలను తోలినాడు. ఆ పనికి కూడా ఇంటిలో విలువ ఉండెను. నెల జీతము మీద బ్రతికిన మన తరమునకే ఒక తేదీ నాడు దండ వేసి, శాలువా కప్పి, గడియారము చేతిలో పెట్టి ఇంటికి పంపుట అనునది వచ్చినది. ఆ మరునాటి ఉదయము ఏమి చేయవలెనో ఎవరును చెప్పరు. ఈ నెల పాఠములో దానిని గూర్చియే ఆలోచించుదము.

1. ఈ గీత ఎవరు గీసినది?

మొదట ఒక సంగతి గ్రహించవలెను. ఇన్నేళ్ళకు మనిషి పని ముగియునని సృష్టిలో ఎక్కడను వ్రాసి లేదు. ప్రభుత్వములు తమ ఖజానా లెక్కను బట్టి ఆ గీత గీసినవి. 1889లో జర్మనీ దేశము బిస్మార్కు ఏలుబడిలో వృద్ధాప్య పింఛను చట్టము చేసినప్పుడు వయస్సు 70 అని పెట్టినారు. 1916లో దానిని 65కు దించినారు. మన దేశములో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 1998 వరకు 58గా ఉండి, ఆ యేడు 60 అయినది. తమిళనాడులో 58గా ఉన్నది 2020లో 59, 2021లో 60 అయినది. ఆంధ్రప్రదేశ్‌లో 1983లో 58 నుండి 55కు తగ్గించినప్పుడు ఎంత అలజడి రేగినదో పెద్దలకు జ్ఞాపకమే. తరువాత మళ్ళీ 58 అయి, 2014లో 60, 2022లో 62కు పెరిగినది. తెలంగాణలో 2021లో 61 అయినది.

ఒకే మనిషి సరిహద్దుకు ఈవల ఉంటే 60కి వృద్ధుడు, కుప్పము వైపు దాటితే 62 వరకు పనివాడు! దీనిని బట్టి మనకు తెలియునది ఏమనగా, విరమణ వయస్సు కార్యాలయపు లెక్కయే గాని మన శక్తికి కొలత కాదు. ఆ కాగితము మన కుర్చీని ఖాళీ చేయించగలదు. మనలను ఖాళీ చేయుటకు దానికి అధికారము లేదు.

2. లేవీయుల నియమము

అయితే పరిశుద్ధ గ్రంథములో విరమణ అనునది లేనే లేదా? ఒక్కచోట ఉన్నది. సంఖ్యాకాండము 8వ అధ్యాయము చివర చూడుడి. లేవీయుడు ఇరువది యైదేండ్ల వయస్సున ప్రత్యక్షపు గుడారములో సేవకు చేరవలెను. ఏబది యేండ్లు నిండగానే ఆ పని మానవలెను. గుడారపు పని తేలికైనది కాదు. పలకలు, స్తంభములు, దిమ్మలు, తెరలు విప్పుట, కట్టుట, ఎడారిలో మోయుట. ఏబది దాటిన వాని నడుము మీద ఆ బరువు వేయవద్దని దేవుడే చెప్పెను. కాబట్టి విశ్రాంతి తీసుకొనుట సోమరితనము కాదు, అవమానము అసలే కాదు.

కాని ఆ నియమము అక్కడ ఆగలేదు. ఏబది దాటిన లేవీయుడు బరువు పని చేయకూడదు గాని, తన సహోదరులతో కూడ ఉండి, కాపలా విషయములో వారికి సహాయము చేయవలెనని తరువాతి మాట. ఇందులో రెండు సంగతులున్నవి. బరువు దించుకొనవలెను, గుడారమును విడిచి పోకూడదు. మనలో కొందరు మొదటి సంగతి మరచి, డెబ్బది యేండ్లకు కూడ అన్ని పలకలూ తామే మోయవలెనని పట్టుబట్టుదురు. మరికొందరు రెండవది మరచి, గుడారమువైపే చూడరు. ఈ రెండింటి నడుమ ఉన్న మార్గమే ఈ పాఠమునకు ఆయువుపట్టు.

3. పోయినవి ఏవి?

ఉద్యోగము పోయినప్పుడు జీతము మాత్రమే పోయినదని అనుకొందుము. నిజానికి నాలుగు పోవును.

మొదటిది, దినచర్య. ముప్పది యేండ్లు షిఫ్టు బస్సు మనలను లేపినది, భోజనపు గంట మనకు ఆకలి చెప్పినది. అది లేనప్పుడు ప్రొద్దు పొడుచుట, క్రుంకుట మాత్రమే మిగులును. రెండవది, గుర్తింపు. నిన్నటివరకు మాస్టరు గారు, సూపర్‌వైజరు గారు, సిస్టరు గారు. నేడు ఫలానావారి తండ్రి, ఫలానావారి అమ్మమ్మ. మూడవది, సాంగత్యము. పనిచోట దొరికిన స్నేహము పనితోనే సన్నగిల్లును. వలస వచ్చిన మనకు ఇది మరింత లోటు. స్వగ్రామములో ఉన్నవానికి రచ్చబండ ఉన్నది, మనకు లేదు. నాలుగవది జీతము.

పింఛను నాలుగవదానినే కొంత పూరించును. మిగిలిన మూడింటిని మనమే తిరిగి కట్టుకొనవలెను. ఇది కేవలము మనస్సుకు సంబంధించిన మాట కాదు, ఆయుష్షుకు సంబంధించినది కూడ. జపాను దేశములో బ్రతుకుటకు తగిన కారణమును "ఇకిగాయ్" అందురు. అక్కడ ఒహసాకి ప్రాంతములో 43 వేలకు పైగా ప్రజలను ఏడేండ్లు గమనించి 2008లో ఫలితములు ప్రకటించినారు. తమ జీవితములో అట్టి కారణము ఉన్నదని చెప్పినవారికంటె, లేదని చెప్పినవారిలో మరణములు ఎక్కువగా కనబడినవి. జబ్బు ఉన్నవారికి ఉత్సాహము తగ్గుట కూడ కలదు గనుక దీనిని మంత్రమువలె పట్టుకొనకూడదు. పరిశోధకులు ఆ కారణములను లెక్కలోకి తీసికొని చూచినను ఆ తేడా పూర్తిగా పోలేదు. ఉదయము లేచుటకు ఒక కారణము ఉండుట మందువంటిదే.

4. మన ఎరుకలోని కొందరు

హోసూరు దగ్గరి తొరపల్లి గ్రామములో 1878 డిసెంబరు 10న పుట్టిన చక్రవర్తి రాజగోపాలాచారి గారిని ఈ ప్రాంతపు వారు ఎరుగని వారుండరు. 1950 జనవరి 26న దేశములో గవర్నరు జనరలు పదవియే రద్దయినది. అప్పటికి ఆయనకు 71 ఏండ్లు. అంతకంటె పెద్ద పదవి మరేది? అయినను ఆయన చేతులు కట్టుకొని కూర్చుండలేదు. మహాభారత కథను సామాన్యులకు అర్థమగునట్లు ఆంగ్లములో వ్రాసి 1951లో ప్రచురించినారు. తమిళములో వ్రాసిన రామాయణమునకు 1958లో సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది. 1959లో, ఎనుబది యేండ్ల వయస్సున, స్వతంత్ర పార్టీని స్థాపించినారు. దానికి తొలి అధ్యక్షులు మన నిడుబ్రోలు రంగా గారు. 1962లో, 83 ఏండ్లకు, అణ్వస్త్ర పరీక్షలు ఆపమని కోరుటకు అమెరికా వెళ్ళి అధ్యక్షుడు కెన్నెడీని కలిసినారు. ఆయన రాజకీయములు, ముఖ్యముగా ఆంధ్ర రాష్ట్ర విషయములో ఆయన వైఖరి, మన పెద్దలకు అనేకులకు నచ్చలేదు. అది వేరు సంగతి. పదవి పోయిన తరువాత కలము, నోరు, కాళ్ళు పనిచేయునని ఆయన చూపినారు.

మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి పూర్వికులు మోక్షగుండము నుండి మైసూరు సీమకు వలస పోయిన తెలుగువారు. అనగా మనవంటి వలస కుటుంబమే. 1908లో బొంబాయి ప్రభుత్వ కొలువు నుండి ఆయన తానుగా విరమించుకొనినారు. అదే సంవత్సరము సెప్టెంబరు 28న మూసీ నది పొంగి హైదరాబాదును ముంచినది. నిజాము ప్రభుత్వము పిలువగా వచ్చి, వరదను అడ్డగించుటకు నగరమునకు పైన జలాశయములు కట్టవలెనని సూచించినారు. ఉస్మాన్ సాగరము, హిమాయత్ సాగరము ఆ ఆలోచన నుండి వచ్చినవే. తరువాత మైసూరు చీఫ్ ఇంజనీరు, 1912 నుండి 1918 వరకు దివాను. దివాను పని విడిచిన తరువాత భద్రావతి ఇనుప కర్మాగారమును నిలబెట్టినారు. మనము ఆయన పనులుగా చెప్పుకొనువాటిలో పెక్కు, ఆయన మొదటి విరమణ తరువాత చేసినవే.

మూడవవారు మన క్రైస్తవ కుటుంబమునకు చెందినవారు, 1890లో విశాఖపట్నములో పుట్టిన డాక్టర్ హిల్డా లాజరస్ గారు. స్త్రీల వైద్య సేవా విభాగములో ముప్పది యేండ్లు పనిచేసి, 1947లో ఆ కొలువు ముగించుకొనినారు. ఏబది యేడేండ్ల వయస్సు. ఇంటికి వెళ్ళి విశ్రాంతి తీసుకొనవచ్చును. కాని ఆమె వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చి, ఆ సంస్థకు తొలి భారతీయ డైరెక్టరుగా 1954 వరకు సేవచేసినారు. బర్గూరులో బస్సెక్కి వాణియంబాడి, ఆంబూరుల మీదుగా మనము వైద్యమునకు వెళ్ళు ఆ ఆసుపత్రికి, ఒక తెలుగు స్త్రీ తన విరమణ కాలమును ధారపోసినదని మన పిల్లలకు చెప్పవలెను.

నాలుగవవారు చిలుకూరి శాంతమ్మ గారు. 1929లో మచిలీపట్నములో పుట్టి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో భౌతికశాస్త్రము బోధించి, 1989లో అరువదవ యేట పదవీ విరమణ చేసినారు. తొంబది దాటిన తరువాత కూడ, మోకాళ్ళకు శస్త్రచికిత్స జరిగి చేతికర్రల సహాయముతో నడుచుచు, విశాఖపట్నము నుండి విజయనగరము వెళ్ళి అక్కడి విశ్వవిద్యాలయములో పాఠములు చెప్పినారు.

ఈ నలుగురిలో ఒక్కొక్కరిది ఒక్కొక్క దారి. ఒకరు క్రొత్త పని చేపట్టిరి, ఒకరు అదే విద్యను క్రొత్త చోట ఉపయోగించిరి, ఒకరు అనుభవమును సేవకు ఇచ్చిరి, ఒకరు చేసిన పనినే చేయుచు పోయిరి. మనమెవరమును వారంత గొప్పవారము కాము అని మీరు అనవచ్చును. మంచిది. అయితే గొప్ప చదువు లేనివారి సంగతి కూడ వినుడి.

ఆఫ్రికాలోని జింబాబ్వే దేశములో మానసిక వైద్యులు చాల కొద్దిమంది. డిక్సన్ చిబండా అను వైద్యుడు 2006లో హరారే నగరములో 14 మంది అవ్వలకు శిక్షణ ఇచ్చి, ఆరోగ్య కేంద్రముల ఆవరణలో బల్లల మీద కూర్చుండబెట్టినాడు. దిగులుతో, కలతతో వచ్చినవారి ప్రక్కన ఆ అవ్వ కూర్చుండి, తొందరపడక విని, చేయదగిన ఒక్క పనిని వారిచేతనే ఎంచుకొనజేయును. అంతే. ఆ బల్ల దగ్గరకు వచ్చినవారిలో కలత తగ్గుచున్నదని 2016లో ప్రచురించిన పరిశోధనలో తేలినది. ఆ అవ్వల చేతిలో ఉన్న పెట్టుబడి ఏమి? బ్రతికిన ఏండ్లు, వినుటకు తీరిక. ఈ రెండును మన దగ్గర లేవా?

5. మన ప్రాంతములో చేతికందు పనులు

మాటలు చాలును, పనికి వత్తము. మాకు తోచిన నాలుగు పనులు ఇక్కడ వ్రాయుచున్నాము. ఏదియు డబ్బు ఖర్చుతో కూడినది కాదు.

(అ) అక్షరములు నేర్పుట. తమిళనాడులో 2006లో చేసిన చట్టము ప్రకారము ఒకటవ తరగతితో మొదలై, యేటేటా ఒక్కొక్క తరగతికి తమిళము తప్పనిసరి అగుచు 2015–16 నాటికి పదవ తరగతి వరకు చేరినది. మినహాయింపు కొరకు అల్పసంఖ్యాక భాషలవారు న్యాయస్థానములకు వెళ్ళవలసి వచ్చినది. తమిళము నేర్చుకొనుట మంచిదే. ఈ నేల భాష రాకుండ ఇక్కడ బ్రతుకలేము. కాని మన ఇండ్లలో పిల్లలు అమ్మతో తెలుగు మాటలాడుదురు, తెలుగు చదువలేరు. ఆరాధనలో పాటల పుస్తకము తలక్రిందులుగా పట్టుకొనినను వారికి తెలియదు. తాత వ్రాసిన ఉత్తరము వారికి గీతలు మాత్రమే. బడి చేయలేని ఈ పనిని తాతయ్య, అమ్మమ్మ చేయగలరు. ప్రతిదినము అరగంట, ఒక పలక, ఒక బలపము, ముందుగా వారి పేరు, తరువాత ఇంటి పేరు, తరువాత ఊరి పేరు. వర్ణమాల మొత్తము ఒకేసారి వల్లె వేయించి విసుగు పుట్టింపవద్దు. పిల్లవాడు తన ఊరి బస్సు పలకను తెలుగులో చదివిననాడు వాని ముఖము చూడుడి.

(ఆ) వేలూరులో తోడు. ఆంధ్ర ప్రాంతము నుండి ఎందరో రోగులు వేలూరుకు వచ్చుచుందురు. చీటి ఎక్కడ తీసికొనవలెను, రక్తపరీక్ష ఎక్కడ, బస ఎక్కడ అను ప్రశ్నలతో, తమిళము రాక, తికమకపడుదురు. ముప్పది యేండ్లు ఇక్కడ బ్రతికిన మనకు రెండు భాషలును వచ్చును. వారమునకు ఒక దినము ఇద్దరు పెద్దలు కలిసి వెళ్ళి, తెలిసినవారి ద్వారా వచ్చిన కుటుంబమునకు తోడు నిలిచినచో అది చిన్న సేవ కాదు. వైద్యము గూర్చి సలహాలు చెప్పవద్దు. దారి చూపుడి, మాట అందించుడి, భయము పోగొట్టుడి.

(ఇ) కాగితముల సహాయము. గ్రానైటు పనిలో, చెప్పుల కర్మాగారములలో, మామిడి గుజ్జు పరిశ్రమలలో పనిచేసిన అనేకులకు పి.ఎఫ్. పింఛను గూర్చి తెలియదు. 1995 పథకములో పదేండ్ల సర్వీసు ఉన్నవారికి 58వ యేట నెలసరి పింఛను వచ్చును; 2014 సెప్టెంబరు నుండి కనీసము వెయ్యి రూపాయలు. పేరులో ఒక్క అక్షరము తేడా ఉండి, పుట్టిన తేదీ తప్పుపడి, ఆ కొద్ది మొత్తము కూడ రానివారు ఉందురు. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు యేటా నవంబరులో బ్రతికియున్నట్లు ధ్రువపత్రము ఇవ్వవలెను. 2014 నుండి దానిని వ్రేలిముద్రతో ఇచ్చు ఏర్పాటు ఉన్నది. ఆఫీసులో గుమాస్తాగా పనిచేసిన ఒక్క సహోదరుడు నెలకు రెండు శనివారములు కూర్చుండినచో ఎన్ని కుటుంబముల చిక్కులు విడునో గదా!

(ఈ) చేతిపని అప్పగించుట. కుట్టుపని, విద్యుత్తు పని, లేతు పని, నర్సింగు, మామిడికి అంటు కట్టుట, ఊరగాయ పెట్టుట, లెక్కలు వ్రాయుట, ఏదో ఒకటి ప్రతివారికి వచ్చును. మీ చేతిలోని ఆ నేర్పు మీతోనే పోనియ్యవద్దు. సంవత్సరమునకు ఒక్కనికి నేర్పుడి.

ఈ నాలుగింటిలో ఒక్కటి మాత్రమే ఎంచుకొనుడి. అన్నియు పట్టుకొనినవాడు ఏదియు చేయడు. దినము, సమయము నిర్ణయించుకొని గోడ మీద వ్రాసి పెట్టుడి. పోయిన దినచర్య ఆ విధముగా తిరిగి వచ్చును.

6. తాళపుచెవులు

ఇప్పుడు కొంచెము కఠినమైన మాట. ఉద్యోగములో కుర్చీ పోయినప్పుడు కొందరు ఆ లోటును సంఘములో పూరించుకొనజూచుదురు. కమిటీలో, సంస్థలో, ట్రస్టులో ఒక పదవి పట్టుకొని ఇరువది యేండ్లు విడువరు. తాళపుచెవులు, రసీదు పుస్తకము, మైకు, ఈ మూడును తమ చేతిలోనే ఉండవలెను. యౌవనస్థుడు ఏదైనను చెప్పబోయినచో "మేము ఈ సంఘమును కట్టినప్పుడు నీవు పుట్టలేదు" అందురు. ఆ మాట నిజమే. అందుచేతనే వాడు కొన్నాళ్ళకు బెంగళూరు వెళ్ళి తిరిగి రాడు.

లేవీయుల నియమము ఇక్కడ మనకు వెలుగు. మోయుట వారి వంతు, కావలి మన వంతు. పదవి అప్పగించుట ఒక దినములో జరుగు పని కాదు. మొదటి సంవత్సరము మీరు చేయుచుండగా అతడు చూడవలెను. రెండవ సంవత్సరము అతడు చేయుచుండగా మీరు చూడవలెను. మూడవ సంవత్సరము మీరు వెనుక బల్ల మీద కూర్చుండవలెను. అతడు చేసినది మీరు చేసినట్లు ఉండదు. కొన్ని పొరపాట్లు జరుగును. అడిగినప్పుడు చెప్పుడి, అడుగనప్పుడు ప్రార్థించుడి. లెక్కలు తప్పుచున్నవని కనబడినచో మాత్రము ఊరకుండవద్దు. ఏకాంతముగా పిలిచి చెప్పుడి. కావలివాని పని అదే.

7. అమ్మగారికి విరమణ ఎప్పుడు?

మన పత్రికలలో విరమణ గూర్చి వ్రాసినవన్నియు పురుషుని గూర్చి వ్రాసినట్లుండును. ఇంటిలోని ఇల్లాలికి శాలువా కప్పినవారెవరు? భర్త పని దిగినప్పుడు ఆమె పని పెరుగును. ఇదివరకు ఉదయము క్యారియరు కట్టి పంపినచో సాయంకాలము వరకు ఆమెకు కొంత ఊపిరి ఉండెను. ఇప్పుడు పది గంటలకు కాఫీ, పన్నెండింటికి భోజనము, మూడింటికి మళ్ళీ కాఫీ; నడుమ వంటింటిలో పప్పు డబ్బా ఎక్కడ ఉండవలెనో సలహాలు. దీనికి తోడు మనుమల పెంపకము.

సహోదరులారా, మీ విరమణ కాలపు మొదటి సేవ మీ ఇంటిలోనే ఉన్నది. కూరగాయలు తెచ్చుట, తరుగుట, నీళ్ళు పట్టుట, వారమునకు రెండు పూటలు వంట, ఇవి చేయుటకు ఏ శిక్షణయు అక్కరలేదు. ఆమెకు వారములో ఒక దినము పూర్తిగా తనదిగా ఇయ్యుడి. ఆమె సండేస్కూలులో బోధింపవచ్చును, చెల్లెలి ఇంటికి వెళ్ళవచ్చును, ఊరక నిద్రింపవచ్చును. అదియు విరమణయే.

8. ఎక్కడ ఉండవలెను?

వలస వచ్చినవారికి ఈ ప్రశ్న తప్పదు. స్వగ్రామమునకు తిరిగి పోవుటయా, బర్గూరులోనే ఉండుటయా, బెంగళూరులోనో అమెరికాలోనో ఉన్న పిల్లలతో వెళ్ళుటయా? వాక్యములో ఇద్దరు వృద్ధులు రెండు విధములుగా జవాబిచ్చిరి.

గిలాదు వాడైన బర్జిల్లయికి ఎనుబది యేండ్లు. దావీదు ఆపదలో ఉన్నప్పుడు అన్నము పెట్టినవాడు. రాజు తిరిగి వెళ్ళుచు, యెరూషలేమునకు రమ్ము, నిన్ను పోషించెదనని పిలిచెను. బర్జిల్లయి మర్యాదగా కాదనెను. తనకు భోజనపు రుచి తెలియదనియు, పాటల స్వరము వినబడదనియు, రాజునకు భారముగా ఉండనేల అనియు చెప్పి, తన తలిదండ్రుల సమాధి ఉన్న ఊరికే మరలెను. కాని తనకు బదులుగా కింహాము అను యౌవనుని పంపెను. తాను అనుభవింపలేని మేలును చిన్నవానికి దక్కనిచ్చెను.

యాకోబుకు నూట ముప్పది యేండ్లు. కరవు వచ్చి, కుమారుడు పిలువగా, పరాయి దేశమునకు కదలి వెళ్ళెను. అక్కడ పదునేడేండ్లు బ్రతికెను. కన్నులు మసకబారినను మనుమలైన ఎఫ్రాయిము, మనష్షేలను దగ్గరకు తీసికొని, తలల మీద చేతులుంచి, తన పితరుల దేవుని గూర్చి చెప్పి ఆశీర్వదించెను.

ఇద్దరిలో తప్పు చేసినవాడెవడు? ఎవడును కాదు. ఉండిపోయినవాడు చిన్నవానికి దారి విడిచెను. వెళ్ళినవాడు చిన్నవారికి వారసత్వము ఇచ్చెను. ఊరు ఏదైనను, మన వలన ఎవరికో మేలు కలుగుచున్నదా అనునదే అసలు ప్రశ్న. అయితే కొన్ని లోకజ్ఞానపు మాటలు కూడ వినుడి. స్వగ్రామము మనము విడిచినట్లు ఉండదు. ఇల్లు కట్టకముందు రెండు మూడు నెలలు అక్కడ అద్దెకుండి చూడుడి. ఆసుపత్రి ఎంత దూరము, రాత్రివేళ పిలిచినచో పలుకువారెవరు అని అడుగుడి. పిల్లల దగ్గరకు వెళ్ళువారు ఇక్కడి ఇంటిని తొందరపడి అమ్మవద్దు.

9. డబ్బు గూర్చి నాలుగు మాటలు

చేతికి వచ్చిన పి.ఎఫ్., గ్రాట్యుటీ సొమ్మును చూచి చుట్టములందరును జ్ఞాపకము చేసికొందురు. కుమారుని వ్యాపారమునకు, అల్లుని స్థలమునకు, ఎక్కువ వడ్డీ చెప్పిన చిట్టీకి అంతయు ఇచ్చి, మరుసటి యేడు మందులకు చేయి చాచినవారిని మన మధ్యనే చూచియున్నాము. ప్రేమతో ఇయ్యుడి, కాని వైద్యమునకు, భోజనమునకు చాలినది మీ పేరుననే ఉంచుకొనుడి. ఇల్లు పిల్లల పేర వ్రాయువారు, తమను పోషించవలెనను షరతును ఆ పత్రములోనే వ్రాయించుకొనవలెను. తలిదండ్రుల, వయోవృద్ధుల పోషణ కొరకు 2007లో చేసిన చట్టము ప్రకారము, అట్టి షరతు తప్పినప్పుడు ఆ బదిలీని రద్దు చేయించుకొనుటకు వీలున్నది. ఇది పిల్లల మీద అపనమ్మకము కాదు. రేపటి కలహమునకు నేడే వేసిన గట్టు.

కుటుంబములలో, కూటములలో చర్చించుటకు ప్రశ్నలు

1. ఉద్యోగము ముగిసినప్పుడు పోవు నాలుగింటిలో (దినచర్య, గుర్తింపు, సాంగత్యము, జీతము) మీకు ఎక్కువ లోటనిపించినది ఏది? దానిని పూరించుటకు ఈ వారము ఏమి చేయగలరు?

2. మీ చేతిలో ఉన్న తాళపుచెవులలో ఎవరికైనను అప్పగింపవలసినది ఉన్నదా? ఆ వ్యక్తి పేరు చెప్పగలరా?

3. మీ ఇంటి పిల్లలలో తెలుగు చదువగలవారు ఎందరు? లేనిచో ఎవరు నేర్పుదురు, ఏ వేళ?

4. యౌవనస్థులకు: మీ సంఘములోని పెద్దలలో ఒకరికి వచ్చిన పని ఏదైనను మీరు అడిగి నేర్చుకొనినారా? అడుగకుండ ఉండుటకు కారణమేమి?

5. బర్జిల్లయి వలె ఉండుటయా, యాకోబు వలె వెళ్ళుటయా? భార్యాభర్తలు విడివిడిగా జవాబు వ్రాసికొని, తరువాత ఒకరి జవాబు ఒకరు చదువుడి.

ప్రియులారా, బరువు దించిన లేవీయుని ఎవరును గుడారము నుండి వెళ్ళగొట్టలేదు. వాకిట అతనికి చోటు ఉండెను. మన వాకిట కూడ అట్టి చోటు ఖాళీగా ఉన్నది. అరుగు మీద పలక పట్టుకొని ఒక పిల్లవాడు, బస్‌స్టాండులో చీటి పట్టుకొని ఒక రోగి, పింఛను కాగితముతో ఒక కూలి మనకొరకు కనిపెట్టుచున్నారు. మనకు మిగిలిన దినములు ఎన్నియో మనకు తెలియదు. తెలియవలసిన అవసరమును లేదు. రేపటి దినమును ఎవరికి ఇయ్యవలెనో మాత్రము ఈ రాత్రియే నిశ్చయించుకొందము. అట్టి మనస్సును, దానికి చాలిన బలమును ప్రభువు మనకందరికి అనుగ్రహించును గాక.